మాస్టరు కొలవని పిల్ల

మాస్టరు టేపు మెడలో వేసుకునేది అలంకారానికే. మనిషి ఇంకా కొట్టు మెట్లెక్కుతుండగానే ఛాతీ ఎంతో, నడుం ఎంతో, ఏ భుజం కిందికి వాలిందో చెప్పేసేవాడు. నమ్మనివాళ్ల కోసం తర్వాత టేపు పెట్టి చూపించేవాడు. సరిపోయిన ప్రతిసారీ నా వైపు తిరిగి "చూశావా చెల్లెమ్మా" అనేవాడు. నాది పక్క కొట్టు. గుండీలు, దారాలు, జిప్పులు అమ్ముకుంటాను. రెండు కొట్లకీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ కావడంతో ఆయన గొప్పలన్నీ నాకు ఊరికే వినబడేవి.

మనిషి చెడ్డవాడు కాడు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, ముందు ముందు నాకు చెప్పబుద్ధి కాదు. తాగడు. కస్టమరు గుడ్డలో జానెడు ముక్క కూడా మిగుల్చుకోడు. రేపు రమ్మంటే రేపే ఇస్తాడు, టైలర్లలో అది వింతే. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగో కాలు పట్టుకుని చూపించినా, అది మన చూపులో దోషమని మనకే నచ్చజెప్పి పంపిస్తాడు.

ఆయన భార్యని నేను వదినా అని పిలుస్తాను. కొట్టు వెనక మూల చిన్న పీట మీద కూర్చుని కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వేయడం ఆవిడ పని. మాస్టరు చేతిలోంచి బయటికెళ్లే ప్రతి బట్ట మీదా ఆఖరి కుట్టు ఆవిడదే. మాటలు తక్కువ. ఏదైనా చెప్పబోతే మాస్టరు కత్తెర ఆపకుండానే "నీకేం తెలుసే" అంటాడు. అన్నేళ్లు ఆ మాట విన్నాక ఎవరికైనా నోరు మూసుకోవడమే సుఖమనిపిస్తుంది.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఎనిమిదేళ్లప్పుడు క్లాసులో అందరికన్నా పొడుగు. ఫోటో తీస్తే వెనక వరసలో నిలబెట్టేవాళ్లు. మాస్టరు ఆనందం ఇంతా అంతా కాదు. "మా నాన్న పొడుగు, మా తాత పొడుగు, ఇది వాళ్లనీ మించుతుంది" అంటూ పిల్లకి జిరాఫీ అని పేరు పెట్టాడు. వీధంతా ఆ పేరే పట్టుకుంది. ఏటా బడి తెరిచే ముందు దానికి స్కర్టులు కుట్టేవాడు, పుట్టినరోజుకి గౌను కుట్టేవాడు. కిందటేటి పొడవుకి ఇంత కలిపి కోసేవాడు. కొలత మాత్రం తీయడు. సొంత కూతురికి టేపు పెట్టాల్సి వస్తే ఇక ఈ కళ్లెందుకు అనేవాడు.

పార్కు సంగతి పిల్లకి పన్నెండు నిండిన ఏడు మొదలైంది. మా ఊరికి సగం రోజు బస్సు ప్రయాణంలో కొత్తగా ఒక రిసార్టు కట్టారు. ఉయ్యాలలు, నీళ్ల జారుడుబల్లలు, గాల్లో తిరిగే బళ్లు, అక్కడే పడుకోడానికి గదులు. అందులో పనిచేసేవాళ్ల యూనిఫారాలు కుట్టే పని ఒక కాంట్రాక్టరు ద్వారా మాస్టరుకి వచ్చింది. ఎండాకాలమంతా కుట్టాడు. బట్టలు అందాక కాంట్రాక్టరు సంతోషించి ముగ్గురికి పాసులు పంపించాడు, రెండు రాత్రులు అక్కడే బస. బంధువుల ఇళ్లలో తప్ప మాస్టరు బయట ఎక్కడా పడుకుని ఎరగడు.

ఇక చూడాలి వాళ్ల హడావిడి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వెళ్లే తారీకు ఖాయం కాకముందే ఏ పూట ఏం ఎక్కాలో తేల్చేసుకుంటున్నారు. బడి నుంచి రాగానే పిల్ల ఫోనులో పార్కు పటం చూస్తూ, కటింగు బల్ల మీద సుద్దతో గీసేది. ఇది గేటు, ఇది కొలను, ఇదిగో మన గది. ఆ బొమ్మ చెరగకుండా మాస్టరు బల్ల రెండో చివరకి జరిగి గుడ్డలు కోసుకునేవాడు. బేరాలు లేనప్పుడల్లా నేనూ వెళ్లి నిలబడేదాన్ని. నాకు పాసు లేదు కానీ, వినడానికి పాసెందుకు?

"ముందు చిన్నవి ఎక్కుదాం నాన్నా, అలవాటవుతుంది" అంది పిల్ల.

"గుడ్డ మీద ముందు పెద్ద ముక్కలు వేసుకోవాలి. చిన్నవి మిగిలినదాంట్లో వాటంతటవే వస్తాయి. పొద్దున్నే వెళ్లి పెద్ద బండి ఎక్కేద్దాం" అన్నాడు మాస్టరు.

"అక్కడ చెప్పులెక్కడ విప్పాలో ఏమైనా రాశారా?" అంది వదిన పీట మీంచి. "తడిబట్టలు ఆరేసుకోడానికి తీగ ఉంటుందా?"

"రిసార్టులో తీగలేమిటే. నీకేం తెలుసు" అన్నాడు.

ఉంటుందో లేదో ఆయనకి మాత్రం ఏం తెలుసు. కానీ తెలియదని ఒప్పుకోవడం ఆయనకి చేతకాని విద్య.

పెద్ద బండి అంటే పట్టాల మీద మెల్లగా పైకి పాకి, ఉన్నట్టుండి కిందికి దూకి, మనుషుల్ని తలకిందులుగా తిప్పి తెచ్చేది. పిల్లకి ఆ ప్రయాణం మొత్తంలో కావలసింది అదొక్కటే, అదీ నాన్న పక్కన కూర్చుని. మాస్టరుకి స్టూలెక్కి బల్బు మార్చాలంటేనే కాళ్లు వణుకుతాయి, ఆ పనికి నన్ను పిలుస్తాడు. అయినా కూతురి కోసం సరేనన్నాడు. "నేను కళ్లు మూసుకుంటాను, నువ్వు చెయ్యి పట్టుకో, అయిపోయాక చెప్పు" అన్నాడు. పిల్ల పడీ పడీ నవ్వింది. ఈ మధ్య అది అలా నవ్వగా చూడలేదని నాకప్పుడు తట్టింది.

ఒక సాయంత్రం తారీకు ఖాయం చేసుకోడానికి రిసార్టు నుంచి ఫోను వచ్చింది. మాస్టరు చేతుల నిండా సుద్ద ఉందని పిల్ల స్పీకరు పెట్టింది. అవతలి అమ్మాయి పేర్లు అడిగింది, వయసులు అడిగింది. తర్వాత "పాప ఎత్తు ఎంత సార్? దాన్నిబట్టి చేతికి వేరే వేరే రంగు పట్టీలు వేస్తాం. పెద్ద బండికి ఇంత ఎత్తుండాలని హద్దు ఉంటుంది" అంటూ ఆ హద్దు చెప్పింది.

మాస్టరు పిల్ల వైపు చూడనైనా చూడలేదు. ఆ ఏడు స్కర్టుకి కోసిన పొడవు మనసులో ఉంది, దానికి తక్కినదంతా కలిపి ఒక అంకె చెప్పేశాడు. హద్దుకి బోలెడు పైన.

"అంత లేను నాన్నా" అంది పిల్ల.

"ఉంటావు."

"లేను. బడిలో కొలిచారు."

"బడివాళ్లకి కొలవడం వస్తే నేనెందుకిక్కడ" అన్నాడు మాస్టరు.

అవతలి అమ్మాయికి ఇలాంటి తగువులు అలవాటే కాబోలు. "గేటు దగ్గర మళ్లీ కొలుస్తారు సార్. సరిగ్గా చూసి ఉంచండి, రేపు చేస్తాను" అని పెట్టేసింది.

పిల్ల లేచి వెళ్లి అద్దం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. మాస్టరు కదల్లేదు. "అత్తా, మీరు పెట్టండి" అని నన్ను పిలిచింది. ఆయన మెడలో టేపు తీసుకుని నేనే కొలిచాను. అంకె చూసి, టేపు సరిచేసి మళ్లీ పెట్టాను. మాస్టరు చెప్పినదానికి జానెడు తక్కువ. పెద్ద బండి హద్దుకి కూడా తక్కువే.

"టేపు సాగిపోయింది. సాగితే అంకె తక్కువే చూపిస్తుంది. నీ కొట్లోంచి కొత్తది పట్రా" అన్నాడు మాస్టరు.

తెచ్చాను. కవరు ఆయన ముందే చింపి పెట్టాను. అదే అంకె.

అప్పుడాయన వచ్చి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని స్కర్టు అంచు తిరగేశాడు. నా మాట నమ్మడు, టేపు మాట నమ్మడు, తను కోసిన గుడ్డ మాట నమ్ముతాడు. లోపల ఆయన వేసిన మిషను కుట్టు ఉంది. దాని పైన ఒక మడత, చేతికుట్టు. దాని పైన ఇంకో మడత. నడుం పట్టీ దగ్గర కూడా లోపలికి మడిచి ఉంది. బయటికి పోగు కూడా కనబడనంత సన్నగా వేశారు. మా వీధిలో ఆ కుట్టు వేయగల చెయ్యి ఒక్కటే.

"నా బట్ట మీద చెయ్యేశావా?" అన్నాడు వదిన వైపు తిరిగి.

వదిన సూది పక్కన గుచ్చి పెట్టింది. "కాళ్లకి అడ్డం పడుతున్నాయండీ. బడి మెట్ల మీద పడింది కూడా. పొడుగైందని మీతో అంటే, నా కోత తప్పంటావా అని అరిచారు. ఈ ఏడు ఎదుగుతుందిలే, అప్పుడు విప్పేద్దాం అనుకున్నాను. మళ్లీ ఏడూ అలాగే అనుకున్నాను."

"ఎన్నేళ్లుగా?"

"మూడేళ్లు."

రోజూ కళ్ల ముందు తిరిగే పిల్ల ఎదుగుదల ఎవరికీ కనబడదు. అది నేనూ ఒప్పుకుంటాను. కానీ మాస్టరు ఆ మూడేళ్లూ చూసింది పిల్లని కాదు, తన బట్టల్ని. ఏటా పొడవు పెంచి కోశాడు, ఏటా అవి దాని ఒంటి మీద చక్కగా కూర్చున్నాయి. ఇంకేం, పిల్ల ఎదుగుతోందనుకున్నాడు. ఆవిడ మూలన కూర్చుని మడతలు వేస్తుంటే, ఈయన ముందు కూర్చుని మురిసిపోతున్నాడు. ఇద్దరి మధ్యా దూరం పట్టుమని పది అడుగులు ఉండదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లారు. అక్కడేం జరిగిందో వదిన నాకు తర్వాత చెప్పింది. పిల్ల చేతికి ఎక్స్‌రే తీశారట. ఎప్పుడు పెద్దమనిషైందని అడిగారట. తొమ్మిదేళ్లకే అని వదిన చెప్పింది. త్వరగా ఎదిగే పిల్లల్లో కొందరు ఇలా త్వరగా ఆగిపోతారని, ఎముకల చివరలు మూసుకుపోయాయని, ఇక ఎదిగే వీలు లేదని డాక్టరు చెప్పాడు. "అప్పుడే తీసుకొచ్చి ఉంటే మందులతో కొంత ఆపి చూసేవాళ్లం. ఆరోగ్యానికేం ఢోకా లేదు, దిగులు పడకండి" అన్నాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని వెళ్లినవాళ్లకి అంతకంటే ఏం చెబుతారు.

అప్పుడే తీసుకెళ్దామని వదిన అంది. అది నా చెవులతో నేను విన్నాను, గోడ అలాంటిది. "ఇంత చిన్న వయసులో ఇదేమిటండీ, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అంది. "మా ఇంట్లో ఆడపిల్లలు ఏపుగానే ఎదుగుతారు. నీకేం తెలుసే" అన్నాడు ఈయన. కత్తెర చప్పుడు కూడా ఆగలేదు.

పొట్టిగా ఉండటం నేరమా అంటారేమో. కాదు. నేనూ పొట్టిదాన్నే, పై అరలో దారాలకి స్టూలేసుకుంటాను, నా బతుక్కి వచ్చిన లోటేం లేదు. పిల్ల బాధ వేరు. బడిలో దాన్ని జిరాఫీ జిరాఫీ అని ఏడిపిస్తున్నారు. మొదట మురిపెంగా పెట్టిన పేరే ఇప్పుడు ఎగతాళి అయింది. ఆ పేరుతో పిలవొద్దు నాన్నా అని అది ఎన్నోసార్లు బతిమాలింది. ఆయన నవ్వి, మర్నాడు బడి గేటు దగ్గర ఇంకా గట్టిగా పిలిచేవాడు. కూతురు సిగ్గుపడుతోందనుకున్నాడు.

అంతటితో పోయినా బాగుండేది. డాక్టరు దగ్గర్నుంచి వచ్చి కొట్టు తలుపు తీస్తూ, మెట్ల మీదే, కూతురి ఎదుటే, బట్టల కోసం వచ్చి నిలబడ్డవాళ్ల ఎదుటే అన్నాడు. "నువ్వా మడతలు వేయకపోయుంటే నాకు ఏనాడో తెలిసేది. దీని ఎదుగుదల నీ చేత్తో నువ్వే కుట్టేశావు."

వదిన "అవునండీ" అంది. లోపలికి వెళ్లి పీట మీద కూర్చుని కాజాలు తీసుకుంది. ఆ రోజంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఆయన తిట్టినందుకు కాదు, ఆవిడ నిజంగానే అవుననుకుంది, అందుకు. ఆ మాటలో రవ్వంత నిజం ఉండటం నాకింకా కంపరం. మడతలు వేయకపోతే తెలిసేదే. మరి ఆ మడతల్ని ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి ఎవరు తెచ్చారు?

పిల్ల తడిగుడ్డ తెచ్చి కటింగు బల్ల మీది పార్కు మొత్తం తుడిచేసింది. కొలనూ గదీ పెద్ద బండీ అన్నీ పోయాయి. మాస్టరు "ఎందుకమ్మా, వెళ్దాంగా. ఆ ఒక్కటీ కాకపోతే వంద ఉన్నాయి" అన్నాడు.

"అమ్మా నేనూ వెళ్తాం. నువ్వు వద్దు" అంది పిల్ల.

ఆయన నవ్వబోయాడు. పిల్ల మొహం చూసి ఆగిపోయాడు. నాకు తెలిసి ఆ పిల్లని ఆయన సరిగ్గా చూడటం అదే మొదలు.

రిసార్టు వాళ్లకి పిల్లే ఫోను చేసి ఎత్తు చెప్పింది, నాన్న రావడం లేదని చెప్పింది. మూడో పాసు మీద నన్ను రమ్మంది. "మీరు రండత్తా, అమ్మకి తోడుంటారు" అని రెండుసార్లు అడిగింది. నేను వెళ్లలేదు. మాస్టరు కూర్చోవాల్సిన సీట్లో కూర్చుని వెళ్లడానికి మనసొప్పలేదు. ఆయన మీద జాలి ఏమీ లేదు, పక్క కొట్లో రోజూ మొహం చూసుకోవాలి కదా.

బయలుదేరే ముందు నేనొకసారి ఉండబట్టలేక వెళ్లి చెప్పాను. "అన్నయ్యా, పిల్ల అడుగుతున్నది బండి కాదు. తప్పు నాది, మీ అమ్మది కాదు అని ఒక్క మాట అను. తీసుకెళ్తుంది నిన్ను."

"మడతలు వేసిందెవరు?" అన్నాడు.

"వేయించిందెవరు?"

"నీకు తెలియదులే చెల్లెమ్మా" అని కత్తెర అందుకున్నాడు. నాకు కూడా తెలియదట. ఆ కత్తెర లాక్కుని వీధిలోకి విసిరేద్దామనిపించింది, కానీ గుండీలు అమ్ముకునేదాన్ని, టైలరు కత్తెర విసిరేస్తే నాకే నష్టం.

వెళ్లే రోజు పిల్ల షాపులో కొన్న రెడీమేడు గౌను వేసుకుంది. చిన్నపిల్లల అరలోంచి తీసింది, సరిగ్గా సరిపోయింది, ఎక్కడా మడత లేదు. మాస్టరు సంచి అందుకుని బస్సు దాకా వస్తానన్నాడు. పిల్ల ఆ సంచి ఆయన చేతిలోంచి తీసుకుంది. వదిన వెనక్కి తిరిగి, అన్నం గిన్నె మీద మూత ఉందనీ, పాలు కాచి పెట్టాననీ చెప్పింది. మాస్టరు తలూపాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన నా కొట్టు ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, పాసులు అందులో ఉన్నాయని వాళ్లు తీసుకెళ్లారు. "ఒకసారి కలిపి ఇవ్వమ్మా" అన్నాడు.

"ఏం, రెండు రోజులు వాళ్లు సుఖంగా ఉంటే చూడలేకపోతున్నావా?" అన్నాను. నా నోరు అలాంటిది.

కోప్పడలేదు. గడ్డం గీసుకోలేదు, కళ్లు గుంటలు పడ్డాయి. "పిల్లకి ఒక మాట చెప్పాలి" అన్నాడు.

"ఏం మాట?"

గుండీల అట్ట ఒకటి తీసి, మళ్లీ దాని చోటే పెట్టాడు. "తప్పు నాదేనని. వాళ్లమ్మది కాదని."

ఇదే మాట వాళ్లు బస్సెక్కకముందు అని ఉంటే ఏం పోయేదో. అయినా అన్నాడు, మాస్టరు నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నా కోపం సగం అక్కడే కారిపోయింది. వెంటనే ఫోను కలిపాను.

వదిన ఎత్తింది. ఆయాసంగా ఉంది గొంతు. "వదినా, నేనూ ఎక్కాను. గిర్రున తిప్పేసింది, పడిపోయాననే అనుకున్నాను" అంటూ నవ్వుతోంది. ఆవిడకి అంత పెద్ద నవ్వుందని నాకు తెలియదు. మాస్టరుకీ తెలియదేమో, బల్ల మీదికి వంగి చెవి ఒగ్గాడు.

"పిల్లకివ్వు" అన్నాను.

పిల్ల వచ్చింది. వెనక నీళ్ల చప్పుడు, ఎవరివో కేకలు.

"ఎలా ఉందే?"

"బావుందత్తా. అమ్మ ఇంకోసారి ఎక్కుతానంటోంది."

"మరి నువ్వు పెద్ద బండి దగ్గరికి వెళ్లావా?"

"లేదు. అటు వెళ్లలేదు."

"సరే, మీ నాన్న ఇక్కడే ఉన్నాడు. నీతో ఏదో చెప్పాలట, ఇస్తున్నాను."

మాస్టరు అప్పటికే చెయ్యి చొక్కాకి తుడుచుకుని చాపాడు.

"వద్దత్తా" అంది పిల్ల. కోపంగా అనలేదు. "ఇప్పుడు బావుంది. ఇలా ఉండనీండి."

నా ఫోను గొంతు పెద్దది, బల్ల అవతల నిలబడ్డవాళ్లకి ప్రతి మాటా వినబడుతుంది. మాస్టరు చెయ్యి కాసేపు అలాగే చాపి ఉంది. తర్వాత దించుకున్నాడు.

"కట్టయిందా?" అని అడిగాడు.

"అయింది" అన్నాను. అవతల పిల్ల ఇంకా లైన్లోనే ఉంది.